వాషింగ్ మెషీన్ లేని మనిషికి వారంటీ

ఆ తేదీ ఇన్‌స్పెక్టరుకు ఇప్పటికీ గుర్తే. మార్చి పదకొండు, మంగళవారం. పొద్దున్న తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, సగం గుడ్డు. మిగతా సగం ప్లేటులో ఉండగానే ఫోన్ మోగింది.

"సార్, ఆరోది," అంది హెడ్ కానిస్టేబుల్. "మళ్లీ అదే షాపు. అదే వారంటీ."

"ఈసారైనా కంప్లైంట్ రాసిచ్చారా?"

"లేదు సార్. రాయనంటున్నారావిడ. కానీ షాపు ఓనరు మాత్రం దొంగ దొరికిపోయిందంటున్నాడు."

ఇన్‌స్పెక్టరు ప్లేటు పక్కకు జరిపాడు. దొరికిపోయిన దొంగలంటే ఆయనకు మొదటినుంచీ అనుమానమే.

ఉదయం 9.20.

అది వాషింగ్ మెషీన్లు బాగుచేసే షాపు. ముందు పదడుగుల గది, వెనక అంతకంటే ఇరుకైన వర్క్‌షాప్. లోపల చోటు చాలక, బాగవ్వాల్సిన మెషీన్లు షట్టరు బయట పేవ్‌మెంట్ మీద బడి పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని మెడలో ఒక్కో అట్టముక్క. ఇన్‌స్పెక్టరు పొట్ట లోపలికి లాక్కుని, పక్కకు తిరిగి, వాటి సందులోంచి లోపలికి దూరాడు.

"రండి సార్. ఇదిగో, ఈవిడే," అన్నాడు ఓనరు, నమస్కారం కూడా పెట్టకుండా.

కౌంటరు వెనక నలభై దాటిన ఆవిడ నిలబడి ఉంది. బిల్లులు రాసేది ఆమే కాబట్టి వీధంతా బిల్లమ్మ అంటారు. తొమ్మిదేళ్లుగా ఆ కౌంటరు ఆమెదే. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. అయినా ఇన్‌స్పెక్టరుకు స్టూలు లాగింది. గ్లాసుతో నీళ్లు పెట్టింది.

తన మీద కేసు పెట్టడానికొచ్చిన మనిషికి నీళ్లిచ్చేవాళ్లను ఆయన తన సర్వీసులో నలుగురిని చూశాడు. వాళ్లలో ఇద్దరు దొంగలే. అయినా ఆ నీళ్లు చల్లగా ఉన్నాయి. తాగాడు.

"చెప్పండి. మొదటినుంచీ."

"ఏముంది సార్. కస్టమర్ మెషీన్ నా దగ్గర రిపేరుకి పెడతాడు. ఆ రోజే వాళ్లకి ఫోన్ వస్తుంది. కంపెనీ నుంచి అంటారు. మీ మెషీన్ ఫలానా మోడల్, నీళ్లు పోవట్లేదు, ఫలానా షాపులో ఉంది అని అన్నీ కరెక్టుగా చెప్తారు. గంటలోపు వారంటీ పొడిగిస్తే రిపేరు ఫ్రీ అంటారు. లింకు పంపిస్తారు. వీళ్లు దాన్ని నొక్కుతారు. అంతే, ఖాళీ."

"ఆ వివరాలు ఎక్కడుంటాయి?"

"రిజిస్టర్‌లో. రిజిస్టర్ రాసేదెవరు? ఈవిడ. తాళం ఎవరి దగ్గర? ఈవిడ దగ్గర. ఇంకా విచారణ ఏంటి సార్? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నారు, నేను పట్టాను."

"నేను తియ్యలేదన్నయ్యా," అంది బిల్లమ్మ. "ఒక్కరోజైనా..."

"అన్నయ్యా గిన్నయ్యా అనకు! సార్, ఇంకోటి వినండి. ఈ నెల రోజుల్లో పదకొండు మెషీన్లొచ్చాయి. ఏడు నా చేతిమీదుగా తీసుకున్నా. నాలుగు నేను లేనప్పుడు ఈవిడ తీసుకుంది. ఫోన్లు ఎవరికెళ్లాయి? నా కస్టమర్లకి! ఈవిడ తీసుకున్న నాలుగింట్లో ఒక్కదానికీ వెళ్లలేదు. తన మొహం చూసిన వాళ్లని వదిలేసింది!"

"మీ ఏడుగురిలో ఆరుగురికే కదా వెళ్లింది?"

"ఏడోవాడు అదృష్టవంతుడు. అదేం లెక్కలోది కాదు. సాయంత్రం ఐదింటికి స్టేషన్‌కొచ్చి రాసిస్తా. ఆరిళ్లకీ వెళ్లి చెప్పేశాను కూడా, దొంగ మా బిల్లమ్మేనని."

ఇన్‌స్పెక్టరు గ్లాసు కింద పెట్టాడు. "అప్పుడే చెప్పేశారా?"

"మరి నా పరువేం కావాలి?"

వెనక వర్క్‌షాప్‌లోంచి వ్యాన్ డ్రైవరు తొంగిచూశాడు. మెషీన్లు తెచ్చేదీ, తిరిగి చేర్చేదీ అతనే. "ఆవిడకి స్మార్ట్ ఫోనే లేదు సార్," అన్నాడు. "లింకు పంపించాలంటే ముందు లింకంటే ఏంటో నేను చెప్పాలి."

"నిన్నడిగామా?" అని ఓనరు గద్దించాడు. డ్రైవరు తల వెనక్కి పోయింది.

అంతలో మెషీన్ల సందులోంచి ఒక పెద్దమనిషి మెల్లగా లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రంగు రంగుల కాగితాల కట్ట. ఎదురు మేడమీద రెండు నెలల కిందట ఆఫీసు తెరిచాడట. హోటళ్లకీ, బట్టల షాపులకీ తగ్గింపు కూపన్లు అమ్ముతాడు. వీధిలో కూపన్ బాబాయి అంటారు.

"అయ్యో, ఏడవకమ్మా," అన్నాడు బిల్లమ్మతో. "ఓనరుగారూ, ఆ తల్లి అలాంటిది కాదండీ. సార్, నమస్తే. ఇదిగో, భోజనానికి ముప్పై శాతం తగ్గింపు. మీరుంచండి."

ఇన్‌స్పెక్టరు కూపన్ తిప్పి చూశాడు. వెనక సన్నటి అక్షరాల్లో పద్నాలుగు షరతులున్నాయి. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఉదయం 11.05.

ఆరో బాధితురాలు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఒంటరి మనిషి. ఫ్యాను కింద కుర్చీ ఇన్‌స్పెక్టరుకిచ్చి, తను గాలి తగలని మూల కూర్చుంది.

"ఎంత పోయిందమ్మా?"

"అది వదిలెయ్యండి."

"కంప్లైంట్ రాస్తే బ్యాంకులో ఆపించే ప్రయత్నం చెయ్యొచ్చు. తొందరపడితేనే."

"ముప్పై రెండేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పాను బాబూ. మోసపోయానని సంతకం పెట్టి ఎలా ఇవ్వను?"

ఇన్‌స్పెక్టరు పళ్లు కొరికాడు. ఆరో ఇల్లు. ఆరో మౌనం. తేలు కుట్టిన దొంగ నోరు మెదపడంటారు. ఇక్కడ తేలు కుట్టింది దొంగను కాదు. అయినా అందరూ నోళ్లు మూసుకునే కూర్చున్నారు. ఒకాయన భార్యకు తెలియకూడదన్నాడు. ఒకావిడ కోడలికి తెలియకూడదంది. సంతకం లేదు. సంతకం లేకపోతే నంబరు ఎవరిదో ఫోన్ కంపెనీ చెప్పదు. ఆయన వారం రోజులుగా గోడకు తల కొట్టుకుంటున్నాడు.

"పోనీ, వాడేమన్నాడో ఒక్కో మాటా చెప్పండి."

"చాలా మర్యాదగా మాట్లాడాడు," అంది ఆవిడ. "పాపం, ఒక్కసారి కూడా విసుక్కోలేదు."

"విసుక్కుంటే మీరు ఫోన్ పెట్టేస్తారు కదమ్మా!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆవిడ నొచ్చుకోలేదు. "నిజమే," అంది. "నా మెషీన్ మోడల్ చెప్పాడు. నీళ్ల పంపు పాడైందన్నాడు. షాపువాళ్లు రిపేరుకెంత అడిగారని అడిగాడు. నేను చెప్పాను. అందులో సగానికే ఏడాది వారంటీ ఇస్తానన్నాడు. మూడున్నరకల్లా ఆఫర్ అయిపోతుందన్నాడు. అప్పటికి మూడూ ఇరవై."

"ఒక్క నిమిషం. ఎంత అడిగారని వాడే మిమ్మల్ని అడిగాడా?"

"ఆఁ. అడిగాడు."

ఇన్‌స్పెక్టరు ఆ ప్రశ్న నోట్‌బుక్కులో రాసుకుని, కింద గీత గీశాడు.

"ఆ షాపు బిల్లులావిడేనట కదా?" అంది హెడ్‌మిస్ట్రెస్. "ఓనరు వచ్చి చెప్పి వెళ్లాడు. చూస్తే అలా అనిపించదు."

మధ్యాహ్నం 12.40.

స్టేషన్. భోజనం ఊసు లేదు. టేబుల్ మీద సంతకాల్లేని ఆరు వాంగ్మూలాలు. ఆరింటిలోనూ అదే ప్రశ్న. షాపువాళ్లు ఎంత అడిగారండీ?

"హెడ్డుగారూ, మూసేసిన ఫైళ్లలో వారంటీ అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి."

"మూసేసినవా సార్?"

"తెరిచి ఉన్నవాటితో ఏమీ తేలట్లేదు కదా."

ఒంటిగంటా ఇరవైకి ఆమె ఒకే ఒక్క కాగితం తెచ్చింది. ఫిబ్రవరి ఇరవయ్యారు. ఫిర్యాదుదారు ఒక డ్రైవింగ్ స్కూల్ మాస్టారు. విషయం: తన వద్ద లేని వాషింగ్ మెషీన్‌కు వారంటీ ఇస్తామంటూ ఫోన్. కింద ఎర్ర సిరా: 'నష్టం లేదు. మూసివేయడమైనది.' దాని కింద సంతకం.

ఆ సంతకం ఇన్‌స్పెక్టరుదే.

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. ఆరుగురు సంతకం పెట్టరని తిట్టుకుంటున్నాడు. తనంతట తాను వచ్చి సంతకం పెట్టిన ఒక్క మనిషినీ తానే తిప్పి పంపాడు.

"హెడ్డుగారూ, నన్ను ఏమైనా అనాలనిపిస్తే ఇప్పుడే అనండి."

"తర్వాతంటాను సార్. ముందు జీపెక్కండి."

మధ్యాహ్నం 2.10.

"ఇప్పటికి గుర్తొచ్చానా?" అన్నాడు డ్రైవింగ్ మాస్టారు, కారు దిగకుండానే. "ఆ రోజు మీ కానిస్టేబుల్ నవ్వాడు. పోయిందేమీ లేదుగా, కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నాడు."

"తప్పు మాదే మాస్టారూ. వాడేం చెప్పాడు?"

"నా మెషీన్ తలుపు పడట్లేదట! షాపులో పెట్టానట! నేనుండేది ఒంటిగదిలోనయ్యా. నా దగ్గరున్నది ఒక బకెట్, ఒక బ్రష్షు. బకెట్‌కి వారంటీ ఇస్తావా అనడిగా. పెట్టేశాడు."

"మీ నంబరు చెప్పండి."

హెడ్ కానిస్టేబుల్ రాసుకుంది. ఇన్‌స్పెక్టరు ఆ నంబరు వంక చూస్తూ, "థాంక్స్ మాస్టారూ," అన్నాడు. "ఈ కేసులో బుద్ధి చూపించినవాళ్లు మీరొక్కరే."

"బుద్ధి కాదండీ, బకెట్," అన్నాడాయన.

మధ్యాహ్నం 2.50.

షాపులో ఇన్‌స్పెక్టరు రిజిస్టర్ తిరగేశాడు. మొదటినుంచీ చివరిదాకా బిల్లమ్మ చేతిరాత. ముత్యాల్లాంటి అంకెలు. ఫిబ్రవరి ఇరవయ్యారున వచ్చిన మెషీన్: తలుపు పడట్లేదు. ఓనరు 'అదృష్టవంతుడు' అన్న ఏడో కస్టమరు. ఆ నంబరు పక్కన మాస్టారి నంబరు పెట్టి చూశాడు. ఒక్క అంకె తేడా. రిజిస్టర్‌లో ఒకటి. మాస్టారిది ఏడు.

రిజిస్టర్‌లో ఆ ఒకటి గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. గుడ్డివాడైనా దాన్ని ఏడనడు.

"మెషీన్‌కి కట్టే ఆ అట్టముక్కలు రిపేరయ్యాక ఏమవుతాయి?" అనడిగాడు డ్రైవర్ని.

"డబ్బాలో వేస్తా సార్. ఓనరుగారు వాటి వెనకవైపు మళ్లీ రాస్తారు. అట్ట కూడా ఊరికే రాదు కదా అంటారు."

"ఆ డబ్బా పట్రా."

అయిదు నిమిషాలు వెతికాడు. ఒక అట్ట తీసి చొక్కా జేబులో, కూపన్ పక్కన పెట్టుకున్నాడు. తర్వాత ఓనరు వైపు తిరిగాడు.

"మీరొక పని చెయ్యాలి. ఆ మూల ఉన్న పాత మెషీన్‌కి ఒక కొత్త అట్ట రాయండి. హెడ్డుగారి సొంత నంబరు. తిరగట్లేదు అని రాయండి. రిజిస్టర్‌లో ఎక్కించొద్దు."

"ఎందుకు సార్?"

"ఐదింటిదాకా టైముందిగా. కాలక్షేపానికి."

ఓనరు లావుపాటి నల్ల మార్కరు తీశాడు. అట్ట నిండా రాశాడు. ఒక్కో అంకె బొటనవేలంత. 3.05కి మెషీన్ పేవ్‌మెంట్ ఎక్కింది. బిల్లమ్మ ఇన్‌స్పెక్టరు ఎదురుగా కూర్చుంది. ఆమె బటన్ల ఫోన్ టేబుల్ మీద ఆయన మోచేతి దగ్గర ఉంది. డ్రైవరు ఫోనూ, ఓనరు ఫోనూ దాని పక్కనే.

మూడున్నర. ఏమీ లేదు.

నాలుగు. ఏమీ లేదు.

"గంట నుంచీ నా వ్యాపారం ఆపారు," అని ఓనరు గొణిగాడు. "దొంగని ఎదురుగా కూర్చోబెట్టుకుని..."

డ్రైవరు ఒక అట్టపెట్టె మడిచి హెడ్ కానిస్టేబుల్ కూర్చోవడానికి వేశాడు. వచ్చినప్పట్నుంచీ నిలబడే ఉందని అతనొక్కడే గమనించాడు.

4.12. హెడ్ కానిస్టేబుల్ ఫోన్ మోగింది.

స్పీకర్ నొక్కింది.

"నమస్కారం మేడమ్. కంపెనీ వారంటీ విభాగం నుంచి. మీ మెషీన్ డ్రమ్ము తిరగట్లేదు కదండీ? ప్రస్తుతం రిపేరు షాపులో ఉంది కదండీ?"

తేనెలో ముంచి తీసిన గొంతు. ఓనరు నోరు తెరిచాడు. ఇన్‌స్పెక్టరు వేలెత్తి ఆపాడు.

"ఆఁ, అవునండీ," అంది హెడ్ కానిస్టేబుల్, ఉన్నట్టుండి అమాయకంగా. "మీకెలా తెలుసండీ?"

"మీ సంగతులన్నీ మా కంప్యూటర్లో ఉంటాయి మేడమ్. షాపువాళ్లు ఎంతడిగారండీ?"

ఇన్‌స్పెక్టరు డ్రైవరు చెవిలో ఏదో చెప్పాడు. డ్రైవరు బయటికి పరిగెత్తి వ్యాన్ ఎక్కాడు. హారన్ మీద చెయ్యి వేశాడు. తియ్యలేదు.

వీధి అదిరిపోయింది.

ఫోన్‌లో గొంతు తడబడింది. "క్షమించండి మేడమ్... ఇక్కడ ఎవడో... ఒక్క క్షణం, కిటికీ వేసొస్తాను."

ఇన్‌స్పెక్టరు షాపు గుమ్మంలో నిలబడి పైకి చూస్తున్నాడు. ఎదురు మేడమీద ఒక ఇస్త్రీ చొక్కా చెయ్యి బయటికొచ్చింది. కిటికీ రెక్క లాగింది. కిటికీ మూసుకుంది.

"ఇప్పుడు చెప్పండి మేడమ్," అంది ఫోన్.

"నేను చెప్పనండీ. వచ్చి మాట్లాడతాను," అంది హెడ్ కానిస్టేబుల్. అప్పటికే మెట్ల వైపు నడుస్తోంది.

సాయంత్రం 4.35.

కూపన్ బాబాయి షాపులో స్టూలు మీద కూర్చున్నాడు. చొక్కా నలగలేదు. అతని గదిలో మూడు ఫోన్లూ, మాట్లాడాల్సిన మాటలు రాసిన కాగితమూ దొరికాయి. ఆటబొమ్మల దుకాణంలో కొన్న బైనాక్యులర్స్ అక్కర్లేకనే మూలన పడున్నాయి.

"సార్, నాకు అర్థం కాలేదు," అన్నాడు ఓనరు. "రిజిస్టర్ ఇతనికి ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. రిజిస్టర్‌లో ప్రతి మెషీన్ పక్కనా మీరు రిపేరుకి అడిగిన మొత్తం ఉంది. అది చూసినవాడైతే ఎంతడిగారని కస్టమర్ని అడగడు. ఇతను ఆరుగురినీ అడిగాడు. అంటే ఇతను చూసిన దాంట్లో పేరుంది, నంబరుంది, మోడలుంది, రోగముంది. ఖరీదు లేదు."

డ్రైవరు మెల్లగా బయటి మెషీన్ల వైపు తల తిప్పాడు.

"అట్టలు," అన్నాడు.

"అట్టలే. పొద్దున్న వాటికి పొట్ట రాసుకుంటూ లోపలికొచ్చాను. చూడలేదు. సందేహముంటే ఇది చూడండి." జేబులోంచి పాత అట్ట తీశాడు. "ఫిబ్రవరి ఇరవయ్యారు. మీ చేతిరాత. ఈ అంకె ఏంటి?"

ఓనరు అట్టను దూరంగా పెట్టి, కళ్లు చికిలించాడు. "ఏడు."

"రిజిస్టర్‌లో అది ఒకటి. మీ ఒకటికి పైన పెద్ద కొక్కెం ఉంటుంది. ఎదురు మేడమీంచి అది ఏడులా కనబడింది. ఆ ఫోన్ మీ ఏడో కస్టమర్‌కి కాకుండా బకెట్‌తో బట్టలుతుక్కునే మాస్టారికి వెళ్లింది. మీరు లెక్కలోది కాదన్నారే, అదే లెక్క."

"మరి ఈవిడ తీసుకున్న నాలుగు?"

"వాటి అట్టలు ఈవిడ రాసింది. చిన్నగా, పెన్నుతో. దగ్గరికొచ్చి వంగితే తప్ప కనబడవు. మీరెందుకంత పెద్దగా రాస్తారు?"

ఓనరు ఆ అట్టను కౌంటరు మీద బోర్లా పెట్టాడు. డ్రైవరే చెప్పాడు. "కళ్లజోడు పెట్టుకుంటే ముసలాడంటారని సార్."

బిల్లమ్మ మొదటిసారి తలెత్తింది. "చెప్పానన్నయ్యా," అంది. "నంబరు వెనకవైపు రాద్దామని రెండుసార్లు చెప్పాను. నీ రాత చీమల బారులా ఉంటుంది, నువ్వు నాకు చెప్పేదేంటన్నావు."

కూపన్ బాబాయి నవ్వాడు. "నేనేం దొంగతనం చేశాను సార్? వీధిలో బోర్డు పెట్టారు, చదివాను. చదవడం నేరమా?"

"పొద్దున్న ఈవిడని ఏడవకమ్మా అన్నావే, ఆ నోటితోనే మాట్లాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ రోజంతా అణుచుకున్న కోపం ఒక్కసారిగా గొంతులోకొచ్చింది. "నీ సంగతి వాళ్లకి తెలియదు, వాళ్ల సంగతి నీకు తెలుసు. దాన్నే నమ్మకంగా అమ్ముకున్నావ్. మన ఇంటి సంగతి తెలిసినవాడల్లా మనవాడు కాడని ఎన్ని పోస్టర్లు అంటించినా ఎవరూ చదవరు. వచ్చిన ఫోన్ పెట్టేసి, మెషీన్ ఇచ్చిన షాపుకి మనమే ఫోన్ చేసి అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయేది. గంటలో అయిపోతుందనగానే అందరికీ కాళ్లూ చేతులూ ఆడవు!"

హెడ్ కానిస్టేబుల్ అతన్ని జీపు వైపు నడిపించింది.

అయిదైంది. ఓనరు చేతిలో కంప్లైంట్ కాగితం ఇంకా ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"సరే అమ్మా," అన్నాడు, గోడవైపు చూస్తూ. "ఏదో అయిపోయింది. రేపు మామూలుగా వచ్చెయ్."

బిల్లమ్మ కదల్లేదు. "ఆరిళ్లలో చెప్పావు కదన్నయ్యా. రేపు నేను ఏ మొహం పెట్టుకుని కౌంటర్లో కూర్చోను?"

"ఫోన్ చేసి చెప్తాలే."

"ఫోన్‌లో చెప్తే ఎవరు నమ్ముతారిప్పుడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నడిచి వెళ్లి చెప్పారు. నడిచి వెళ్లే వెనక్కి తీసుకోండి. ఆవిడ పక్కన ఉండగా."

ఓనరు షట్టరు దించి, చెప్పులు తొడుక్కున్నాడు.

ఆరిళ్లు తిరిగేసరికి ఎనిమిది దాటింది. ఒక ఇంట్లో సరే సరే అని లోపలికెళ్లిపోయారు. ఒక ఇంట్లో, నిప్పు లేందే పొగ రాదు కదండీ అన్నారు, బిల్లమ్మ ఎదురుగానే. ఇన్‌స్పెక్టరు పిడికిళ్లు బిగించి నిలబడ్డాడు. అబద్ధానికి ఒక్కపూట చాలింది. నిజానికి ఎన్ని పూటలు కావాలో ఆయనకు తెలియలేదు.

చివరిది హెడ్‌మిస్ట్రెస్ ఇల్లు. ఓనరు ఆరోసారి అదే మాట చెప్పాడు. ఈసారి గొంతులో బింకం లేదు. తప్పు తన అట్టదని కూడా చెప్పాడు.

ఆవిడ అంతా విని బిల్లమ్మ దగ్గరికొచ్చింది.

"అమ్మా, వాడు ఫోన్‌లో చెప్పాడు, నమ్మాను. ఈయన గుమ్మంలో చెప్పాడు, నమ్మాను. రెండుసార్లూ నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. మొదటిదానికి నా డబ్బు పోయింది. రెండోదానికి నీ పరువు పోయేది." తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు చెయ్యి చాచింది. "కాగితం ఇవ్వండి బాబూ. సంతకం పెడతాను. మోసపోయానని ఇంత పెద్దగా రాస్తాను."

గుమ్మం దగ్గరే నిలబడి, గోడకు ఆనించి పెట్టింది సంతకం. తేదీ కూడా వేసింది.

"మీ మెషీన్ ఎల్లుండి పంపిస్తామమ్మా," అంది బిల్లమ్మ. "పంపు మారిస్తే చాలు." అప్పుడే కౌంటరు గొంతు వచ్చేసింది ఆమెకు. ఓనరు అది విని తల వంచుకున్నాడు.

ముగ్గురూ మెట్లు దిగారు. మలుపు దాకా బిల్లమ్మకు వెలుతురు ఉండాలని హెడ్‌మిస్ట్రెస్ తలుపు తెరిచే ఉంచింది. ఆమె మలుపు తిరిగాక, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసి గడియ పెట్టుకుంది.